కుడి కాలి కట్టు

ఫోన్ మోగినప్పుడు నేను స్టూలు మీద నిలబడి ఉన్నాను. చేతిలో కర్టెను, నోట్లో రెండు మేకులు. స్టూలుకి ఒక కాలు పొట్టి కాబట్టి మా ఆయన కింద కూర్చుని దాన్ని పట్టుకున్నాడు. స్టూలునే పట్టుకున్నానని ఆయన ఇప్పటికీ అంటాడు గానీ, పట్టుకున్నది నా పాదాన్ని. పెళ్ళయి అప్పటికి నెల నిండలేదు. ఆ ఇంట్లో ఏ పనికైనా ఇద్దరం కావాల్సి వచ్చేది, బల్బు మార్చాలన్నా, దుప్పటి మడతపెట్టాలన్నా.

ఫోన్ చేసింది మరిది. ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు అతన్ని మొదటి జట్టులోకి తీసుకున్నారట. మా ఆయన అదే క్లబ్బులో ఫిజియో. ఆటగాడు కిందపడితే సంచీ తగిలించుకుని మైదానంలోకి పరిగెత్తేది ఆయనే. అంటే ఇక తమ్ముడు పడితే అన్న లేపుతాడన్నమాట. ఆ మాట వినగానే ఆయన స్టూలూ పాదమూ రెండూ వదిలేసి లేచాడు. నేను కర్టెనుతో సహా ఆయన మీద పడ్డాను. మేకులు మింగలేదు, అది నా అదృష్టం.

చప్పుడుకి అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. కర్టెను కింద ఇద్దరం నవ్వుతున్నాం కాబట్టి చూడనట్టు గోడకేసి తిరిగి, సంగతేమిటని అడిగింది. చెప్పాం. ఆవిడ నవ్వలేదు. ఎంత భయాన్నైనా ఒక్క ప్రశ్నలో కుదించి అడగడం ఆవిడకి అలవాటు.

"దెబ్బలు తగిలితే చూసేది నువ్వేగా?"

"నేనేనమ్మా."

"అయితే సరే," అని లోపలికి వెళ్ళిపోయింది.

మేముండేది ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద, రెండు గదుల్లో. కింద మెషిను తిరిగితే పైన మా మంచం దానంతటదే వణికేది. దాని గురించి మేమిద్దరం నవ్వుకున్న నవ్వు ఇంతా అంతా కాదు. ప్రెస్సాయన మా ఇంటి ఓనరు, క్లబ్బుకి వీరాభిమాని. మరిది వార్త వినగానే మెషిను ఆపి పైకొచ్చి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన చేతి సిరా మా ఆయన అరచేతికి అంటుకుంది. అక్కణ్ణుంచి నా కొత్త జాకెట్టుకి అంటుకుంది. అది ఎలా అంటుకుందో అత్తయ్య అడగలేదు.

లీగు వాళ్ళు ఒక కొత్త నిబంధన తెచ్చింది కూడా ఆ సీజనుకే. దెబ్బ తగలకుండా తగిలినట్టు పడి, రెఫరీని నమ్మించి పెనాల్టీ సంపాదించినా, అవతలివాణ్ణి బయటికి పంపించినా, ఆట అయిపోయాక ముగ్గురు సభ్యుల కమిటీ ఒకటి కూర్చుని నిజమెంతో తేలుస్తుంది. నాటకమని తేలితే ఆటగాడికి ఏడాది నిషేధం. ఆ నాటకంలో చెయ్యి కలిపిన క్లబ్బు ఉద్యోగికి లైసెన్సు రద్దు. మా ఆయన ఆ వాక్యాన్ని పేపర్లో రెండోసారి కూడా చదివి, పేపరు మడిచి, దాని మీద ఉడికిన గుడ్లు ఒలవడం మొదలుపెట్టాడు. గుడ్డు పెంకుతో పాటు సగం తెల్లసొన కూడా ఊడొచ్చింది. ఆయన చేతులు ఎప్పుడూ అంత మొరటుగా ఉండవు.

కారణముంది. మా మరిదికి ఊళ్ళో పేరు గాలిపటం. పడటంలో అంతటివాడు మళ్ళీ లేడు. చిన్నప్పుడు హోంవర్కు ఎగ్గొట్టాలంటే మెట్ల మీద పడేవాడట, అన్నతో గొడవైతే గుమ్మంలో పడేవాడట. ప్రతిసారీ అత్తయ్య గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. చివరికి అన్నదమ్ములు ఒక ఒప్పందానికి వచ్చారు. లేవడానికి అన్న చెయ్యిస్తాడు. నిజంగా నొప్పయితే తమ్ముడు ఆ చేతి బొటనవేలు పట్టుకోవాలి. ఉత్తుత్తిదైతే మిగతా నాలుగు వేళ్ళూ పట్టుకోవాలి. ఎవరికీ చెప్పనని అన్న మాటిచ్చాడు. పెద్దయ్యాక చిన్న జట్లలో ఆడినప్పుడూ అదే సాగింది. నాలుగు వేళ్ళయితే మా ఆయన ఎక్కడో ఒకచోట చల్లటి మందు కొట్టి, చాలు లేరా అనేవాడు.

ఈ రహస్యం పెళ్ళయిన వారానికే నాకు తెలిసిపోయింది. తెలిశాక ఊరుకుంటానా. అలిగి మంచానికి ఆ చివర ముడుచుకుంటే ఆయన మాట్లాడకుండా చెయ్యి చాపేవాడు. నేను బాగా ఆలోచించి నాలుగు వేళ్ళే పట్టుకునేదాన్ని. బొటనవేలి దాకా వెళ్ళేంత కోపం ఆ రోజుల్లో నాకు రానేలేదు.

గుడ్లు ఒలిచిన పొద్దున మా ఆయన తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక నాలుగు వేళ్ళు లేవురా, బొటనవేలు ఒక్కటే ఉంది అన్నాడు. మరిది నోటినిండా గుడ్డు పెట్టుకుని సరేనని తలూపాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. అది చూడటమే నాకు కష్టమైంది. బెంచీ వెనక వరసలో ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళకి సీట్లుండేవి. మరిది బంతితో గోల్ ముందున్న బాక్సులోకి వెళ్ళిన ప్రతిసారీ నా కాళ్ళు రెండూ బిగుసుకుపోయేవి, గోల్ కొట్టాలని కాదు, పడకూడదని. తన్నులు తిన్నాడు, చొక్కా పట్టి లాగించుకున్నాడు, ఒకసారి పెదవి చిట్లింది. అయినా నిలబడ్డాడు. పక్కన కూర్చునే గోల్ కీపర్ భార్య నా మొహం చూసి, ఇంత అభిమానం నేనెక్కడా చూడలేదు అనేది. అత్తయ్య మాత్రం మైదానానికి వచ్చేది కాదు. ఆట జరిగే సాయంత్రాల్లో ఇంట్లో కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

సీజను చివరి ఆట. గెలిస్తే పై లీగుకి వెళ్తాం, లేకపోతే ఉన్నచోటే ఉంటాం. అవతలి జట్టులో ఒక డిఫెండరుండేవాడు. అతన్ని అందరూ గోడ అనేవాళ్ళు. వయసు మళ్ళింది, తలమీద జుట్టు పలచబడింది, కానీ ఆ సాయంత్రం మరిదిని ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. విరామంలో మా కోచ్ మరిది మెడ చుట్టూ చెయ్యి వేసి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పాడు. మరిది బూటు లేసు వైపు చూస్తూ విన్నాడు. ఆ లేసు ముడి బాగానే ఉంది. అయినా విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆట ముగియబోతుండగా బంతి అతని దగ్గరికొచ్చింది. బాక్సులోకి వెళ్ళాడు. గోడ కాలు చాచాడు, మరిది ఎడమ కాలి పక్కగా. తగిలిందో లేదో నా సీట్లోంచి తెలియలేదు. మధ్యలో మనుషులు అడ్డున్నారు. మరిది మాత్రం రెండు చేతులూ గాల్లోకి లేపి, నడుం విరిగినట్టు పడిపోయాడు. స్టేడియం అంతా ఒక్క గొంతుతో అరిచింది. రెఫరీ పెనాల్టీ ఇచ్చి గోడకి రెడ్ కార్డ్ చూపించాడు. ఫిజియోని రమ్మని చెయ్యి ఊపాడు.

మా ఆయన పరిగెత్తాడు. ఒంగి చెయ్యి అందించాడు. అంత దూరం నుంచి వేళ్ళు కనిపించవు. నాకు కనిపించింది ఆయన వీపు. పెళ్ళయినప్పటి నుంచీ నేను బాగా చదువుకున్న పాఠం అదే. ఆ వీపు ఒక్క క్షణం కదలకుండా ఆగిపోయింది. తర్వాత చకచకా సంచీ తెరిచాడు, మందు కొట్టాడు, కట్టు కట్టాడు. అన్న భుజం మీద వాలి మరిది ఎడమ కాలితో కుంటుకుంటూ బయటికొచ్చాడు. వాళ్ళనెవరూ చూడలేదు. అందరూ బంతి ముందు నిలబడ్డ కెప్టెన్నే చూస్తున్నారు. గోల్ పడింది. గోల్ కీపర్ భార్య నన్ను వాటేసుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. ఆవిడ భుజం మీదుగా చూస్తే, మా ఆయన సర్ది ఉన్న సంచీనే మళ్ళీ సర్దుతున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా ఒకే మాట అన్నాడు.

"నాలుగు."

మరిది నాతో విడిగా చెప్పుకున్నాడు. కోచ్ చెప్పినదానికి తను ఒప్పుకోలేదట. కానీ ఆ కాలు పక్కనుంచి వెళ్ళగానే ఒళ్ళు దానంతటదే కింద పడిపోయిందట. పడ్డాక లేవడానికి దారి లేకపోయిందట. అన్న వేళ్ళు మాత్రం అబద్ధంగా పట్టుకోలేకపోయాను వదినా అన్నాడు. అత్తయ్య అప్పటికే వేణ్ణీళ్ళ బేసినుతో వచ్చి ఎడమ కాలికి కాపడం మొదలుపెట్టింది. మరిది అమ్మా అని మూలిగాడు. ఆ మూలుగు విని మా ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి ఊరు మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. బస్సు డ్రైవరు స్టాపు లేకపోయినా మా గుమ్మం ముందు బస్సు ఆపేవాడు. పాలాయన గిన్నె అంచు దాకా పోసి మళ్ళీ కాస్త పోసేవాడు. దారిలో ముక్కూమొహం తెలియని ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీ మరిది కాలెలా ఉందమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామూలుగా నేను ఇలాంటివాటికి పొంగిపోయే మనిషిని. ఎదురింటి పిల్లి నా వైపు చూసిందని ఆయనకి ఫోన్ చేసి చెప్పిన రోజులున్నాయి. అలాంటిదాన్ని, ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తుంటే సందులోకి తప్పుకోవడం మొదలుపెట్టాను. ఇంత ప్రేమ ఒక్కసారిగా వెనక్కి తిరిగితే ఎలా ఉంటుందోనన్న ఆలోచన పాలగిన్నె దగ్గర కూడా వదిలేది కాదు.

ఒక పొద్దున ప్రెస్సాయన మెట్ల దగ్గర నన్ను ఆపి, మీరే మొదట చూడాలమ్మా అంటూ లోపలికి తీసుకెళ్ళాడు. మెషిను లోంచి తడితడిగా పోస్టర్లు వచ్చి పడుతున్నాయి. ఆ చివరి ఆట ఫోటో. మరిది నేల మీద కూర్చుని నొప్పితో మొహం పైకెత్తాడు. మా ఆయన మోకాళ్ళ మీద వంగి కట్టు కడుతున్నాడు. వెనకాల గోడ రెండు చేతులూ చాపి, ఎవరూ వినని మాటేదో చెబుతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో: పడ్డాం, లేచాం.

బాగుందని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను. మా ఆయన కట్టు కడుతున్నది కుడి కాలికి.

తెల్లటి కట్టు, కుడి కాలికి, ఎంతో శ్రద్ధగా. ఎడమ కాలు గడ్డి మీద హాయిగా చాపి ఉంది.

ప్రెస్సాయన నా మొహం చూసి, ఆనందంతో మాట పడిపోయిందనుకున్నాడు. గెలిచినందుకు చేసే ఊరేగింపు రోజుకి ఇంకా పెద్దది వేస్తున్నానని, మా మేడ గోడంత ఉంటుందని చెప్పాడు.

సాయంత్రానికి ఆ పోస్టరు లేని గోడ లేదు. మందుల షాపు అద్దానికి, బస్సు వెనక, స్కూలు గేటుకి, ఎక్కడ చూసినా ఆ కట్టే. రోజూ వేలమంది దాని ముందు నుంచి నడిచి వెళ్తున్నారు. అందరూ మరిది మొహమే చూస్తున్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కాస్త కిందికి చూస్తే చాలు. ఇంట్లో కూర్చుంటే కింద మెషిను చప్పుడు. నాకు అంత ముద్దొచ్చిన ఆ మంచం వణుకు ఇప్పుడు అరికాళ్ళ లోంచి పైకి పాకేది. ఇంకో కట్టు, ఇంకో కట్టు, ఇంకో కట్టు. మా ఆయనకి చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆయన అసలే అన్నం కెలుకుతున్నాడు. చెప్పలేకపోయేదాన్ని.

ఈలోగా గోడ కమిటీకి ఫిర్యాదు చేశాడు. టీవీలో కూడా వచ్చి, నేను ముట్టుకోలేదు అన్నాడు. ఆ మాట ఊళ్ళో జోకైపోయింది. మా వీధి పిల్లలు గ్లాసు పగలగొట్టి నేను ముట్టుకోలేదు అనేవాళ్ళు, చెల్లెల్ని గిల్లి నేను ముట్టుకోలేదు అనేవాళ్ళు. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. క్లబ్బులో చేరకముందు, ఆసుపత్రిలో పనిచేసినప్పుడు ఆ మనిషి మోకాలికి వైద్యం చేసింది ఆయనే. అంత గట్టిగా తన్ని ఉంటే ముందు అతని మోకాలే పోయేదని ఒకసారి నాతో అన్నాడు. అని, అన్నందుకు తనే భయపడ్డట్టు వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

కమిటీ మా ఆయన్ని సాక్షిగా రమ్మంది. దెబ్బని మొదట చేత్తో చూసింది ఫిజియో కదా. దానికి ముందురోజు మధ్యాహ్నం కోచ్ మా ఇంటికొచ్చాడు. మాకున్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, టీ తాగి, మరిది ఎడమ కాలి దగ్గర దిండు సర్ది, మా ఆయనతో చాలా మెల్లగా మాట్లాడాడు.

"ఎడమ చీలమండ. వాపు. ఐసు పెట్టాను. ఈ మూడు ముక్కలే డాక్టరూ. నాలుగోది మాట్లాడకు."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నా కర్టెన్ల వైపు చూశాడు. కిటికీలు బాగున్నాయమ్మా, అన్నీ వీధి వైపుకే ఉన్నాయి అన్నాడు. ఆ మాట విన్నంతసేపూ నేను నవ్వుతూనే నిలబడ్డాను. ఆయన మెట్లు దిగాక, వీధిలోంచి రాయి విసిరితే అందే అద్దాలెన్నో లెక్కపెట్టాను.

ఇక దాచలేక మా ఆయన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, ఎదురు గోడ మీది పోస్టరు చూపించాను. చూడమన్నాను. మొహం కాదు, కింద చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఏ కాలో నేను అడగలేదు," అన్నాడు చివరికి. "నాలుగు వేళ్ళు పట్టుకున్నాక ఇంకేం అడుగుతాను? దగ్గరున్న కాలికి కట్టేశాను."

ఆయన చదువంతా, అన్నేళ్ళ అనుభవమంతా పనిచేసేది నొప్పి ఉన్నచోటే. నొప్పి లేదని తెలిశాక చేతులకి రెండు కాళ్ళూ ఒకటే అయిపోయాయి. నాకు నవ్వొచ్చింది. భయమెక్కువైనప్పుడు వచ్చే ఆ పిచ్చి నవ్వు ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆయన నా తల తన చొక్కాలోకి నొక్కి పట్టుకున్నాడు.

అప్పుడే పక్క గదిలోంచి అత్తయ్య పిలిచింది. వెళ్ళేసరికి ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. పక్కన వేణ్ణీళ్ళ బేసిను, ముందు పరిచిన పోస్టరు. ప్రెస్సాయన కానుకగా పంపాడట. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టింది. ఇద్దరు కొడుకులూ ఒకే బొమ్మలో ఉన్నారని తీరిగ్గా చూసుకుంటోంది. మరిది మంచం మీద ఎడమ కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"పెద్దోడా, చిన్నోడికి దెబ్బ ఎడమ కాలికి కదా," అంది. "నువ్వు ఈ కాలికి కట్టావేంట్రా?"

ఎత్తిపొడుపేం లేదు ఆ గొంతులో. తెలియక అడిగింది. నేను గిన్నెల వైపు చూశాను. అచ్చులో బొమ్మ తిరగబడి పడిందేమో అని ఒక తెలివితక్కువ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

మరిది మంచం దిగాడు. ఒంగి, బేసిను రెండు చేతులా ఎత్తాడు. నిండుగా ఉంది. పొగలు కక్కుతోంది. దాన్ని పట్టుకుని గది దాటి, వసారా దాటి, వెనక తూము దాకా నడిచాడు. ఎక్కడా తొణకలేదు. నీళ్ళు పారబోసి, అలాగే నడిచి వచ్చి, ఖాళీ బేసినుని గోడకి ఆనించి పెట్టాడు.

అత్తయ్య అతని కాళ్ళ వైపే చూస్తోంది. వెళ్ళేటప్పుడూ చూసింది, వచ్చేటప్పుడూ చూసింది. తర్వాత వంగి, పోస్టరు మీద వెనకాల నిలబడ్డ మనిషి మొహం మీద వేలు పెట్టింది.

"ఇతనిప్పుడు ఏం చేస్తున్నాడు?"

"ఇంట్లో కూర్చున్నాడమ్మా," అన్నాడు మా ఆయన. "ఈ వయసులో, ఈ మచ్చతో మళ్ళీ ఎవరూ ఆడనివ్వరు."

మరిది గోడకి ఆనుకుని, రేపు ముందు నన్నే అడగమను అన్నయ్యా అన్నాడు. నిన్ను పిలవలేదుగా అన్నాడు మా ఆయన. పిలవకపోతే బయట కూర్చుంటా, నువ్వు నోరు తెరవక ముందే లోపలికొస్తా అన్నాడు మరిది. నీకు ఏడాది పోతుందిరా. తెలుసు. నా లైసెన్సూ పోతుంది. మా ఆయన నా వైపు చూశాడు. నన్ను అడుగుతున్నాడని అర్థమైంది. కోచ్ మాట, వీధి వైపు కిటికీలు, ప్రెస్సాయన, అద్దెకున్న ఈ రెండు గదులు, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. నేను తలూపాను. ఊపినట్టు ఆయనకి కనిపించిందో లేదోనని ఇంకోసారి ఊపాను.

కమిటీ కూర్చునేది పక్క ఊళ్ళో. పొద్దున బస్సుకే వెళ్ళాలి. ఆ వేళకి వీధంతా జనం ఉంటారు, ఒక్కొక్కరూ ఆపి కాలెలా ఉందని అడుగుతారు. ఆటోని మెట్ల దాకా పిలిపిస్తాను, ఎవరి కంటా పడకుండా ఎక్కేద్దాం అన్నాను.

అత్తయ్య గిన్నెలు ఒక్కొక్కటే తీసింది. పోస్టరు దానంతటదే చుట్టుకుపోయింది.

"ఆటో ఎందుకమ్మాయ్, ఇక్కడ కాళ్ళు బాగాలేనివాళ్ళు ఎవరున్నారు?" అంది. "రేపు పొద్దున నలుగురం వెళ్తున్నాం. బస్టాండు దాకా వీధి మధ్యలోంచి నడిచే వెళ్తాం. చిన్నోడు అందరికంటే ముందు నడుస్తాడు."